ముక్కల లెక్క

ఇరవై రెండేళ్లుగా నేను రాస్తున్నది ఒకటే పుస్తకం.
ఎర్ర అట్ట, దారంతో కట్టిన పెన్సిలు.
ఎడమ పక్క పేరు. మధ్యలో గుండ్లు, బద్దలు, నూక.
కుడి పక్క కోత.

మొగిలిపాడు దారిలో మా జీడి ఫ్యాక్టరీ.
పలాస స్టేషన్లో పొద్దుటి బండి కూత పెట్టేసరికి
నలభై మంది ఆడవాళ్లు పీటలెక్కుతారు.
చేతులకి ఆముదం, ఆముదం మీద బూడిద,
అయినా జీడి సొన గోళ్ల కిందకి దారి చూసుకుంటుంది.
పప్పు నిండుగా రావాలి,
చంటిపిల్ల చెవిలా, ఒక్క గాటు లేకుండా.
విరిగితే ముక్క. ముక్కకి కోత.
కోసేది నా పెన్సిలే.

దున్న కూర్మమ్మ, మంగళవారం,
వంద గ్రాములు ముక్క, పదకొండు రూపాయలు.
"కునుకొచ్చిసింది గుమాస్తాబాబూ,
రేత్రి గుంటడికి జొరం."
జ్వరానికి నా పుస్తకంలో గడి లేదు.

ఈ వేసవిలో సముద్రం అవతల యుద్ధమొచ్చింది.
ఎవరి మీద ఎవరని అడిగితే
టీకొట్టు దగ్గర ఒక్కొక్కరూ ఒక్కో దేశం పేరు చెప్పారు.
ఎవరికీ అక్కర్లేని యుద్ధం.
ఢిల్లీలో మా ఎంపీ గారు మాత్రం
మనమూ అందులో నిలబడాలని బల్ల చరిచారు.
టీవీలో చూశాం.
మెత్తని అరచెయ్యి.

ఆ చప్పుడు పలాస చేరడానికి నలభై రోజులు పట్టింది.
ముందు డీజిలు. ఆనక గ్యాసు బండ.
ఆనక, ఆఫ్రికా పిక్కలెక్కిన ఓడ
దారి మూశారని ఏ నీళ్లలోనో నిలబడిపోయింది.
తుఫానుకి పోయిన మా తోటలు ఇంకా నడుమెత్తే,
పరాయి పిక్కే మాకు పని.
ఆరు దినాల వారం నాలుగయింది, నాలుగు రెండయింది.
పుస్తకంలో ఇంత తెలుపు నేనెప్పుడూ చూడలేదు.

దమయంతి కుట్టుమిషను రిక్షా ఎక్కి
కాశీబుగ్గ తాకట్టు కొట్టుకి వెళ్లింది.
మధ్యాన్నం క్యారేజీ మూత
ఎవరూ పూర్తిగా తియ్యడం లేదు,
అంబలి ఎంత పలచనో పక్కనున్నవాళ్లకి తెలిసిపోతుందని.

మార్కెట్ యార్డులో సభ.
మా యజమాని జీడిపప్పు దండ వేశాడు,
పెద్ద గుండ్లు, నాలుగు కిలోలు.
గుచ్చింది కూర్మమ్మే, రాత్రంతా, ఒక్కటీ విరక్కుండా.
ఎంపీ గారు దండ సర్దుకుని,
దేశం కోసం కొంచెం ఓర్చుకోవాలన్నారు,
చిల్లర నష్టాలు చూడకూడదన్నారు.

ఆడవాళ్ల వరసలోంచి కూర్మమ్మ లేచింది.
"బాబూ, నాను గుప్పెడు ముక్కలు సేత్తే
పదకొండు రూపాయలు కోసినారు.
మీరు బల్ల గుద్దితే
అక్కడెక్కడో ఊళ్లకూళ్లే ముక్కలైపోనాయంట.
ఇక్కడ మా కూలి నూకైపోనాది.
మరి మీకెంత కోత?
మీది ఏ పుస్తకంల రాత్తారు?
రాసీవోడెవుడు?"

మైకు కుయ్యిమంది.
ఎంపీ గారు నవ్వి, వంగి నమస్కారం పెట్టారు.
దండలోంచి ఒక గుండు జారింది.
గన్‌మ్యాన్ బూటు కింద
ముక్కయింది.

ఆ రాత్రి కొత్త పేజీ తిప్పాను.
ఎడమ పక్క ఆయన పేరు రాశాను, ఇంటిపేరుతో సహా.
మధ్య గడుల్లో ఏం రాయాలో తెలీలేదు.
ఊళ్లని తూచే కాటా మా దగ్గర లేదు.
ఆ ఓడ, ఆ కుట్టుమిషను, ఆ క్యారేజీ మూతలు
బద్దల్లో రాయాలో నూకలో రాయాలో.

తెల్లారి కూర్మమ్మ పుస్తకం వైపు ఒకసారి చూసింది.
ఏమీ అడగలేదు.
ఆ పదకొండు రూపాయలు నేనింకా కొట్టెయ్యలేదు.
శనివారం యజమాని పుస్తకం తిరగేస్తాడు.
అడిగేవాడొకడున్నాడని తెలిస్తే
చెయ్యి ఎంత జాగ్రత్తగా రాస్తుందో.